చుక్క లేని ప్లగ్గు

అది పన్నెండో తేదీ, ఆదివారం. మధ్యాహ్నం అన్నంలోకి బంగాళాదుంప కూర, ఉడికించిన గుడ్లు. కూర కోడలిది, గుడ్లు పెద్దాయనవి. భార్య పోయిన ఏడాదిన్నరలో ఆయన నేర్చుకున్న వంట అదొక్కటే కాబట్టి, గడియారం ఎదురుగా పెట్టుకుని మరీ ఉడికించేవాడు.

కోడలు ముందుగదిలో నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, గోడకున్న రూటర్‌తో కుస్తీ పడుతోంది. ఇంటింటికీ తిరిగి ఇంటర్నెట్ బిగించడం ఆమె ఉద్యోగం. సొంతింటి పనికి మాత్రం ఆ ఆదివారమే తీరిక దొరికింది.

"అసలు నువ్వు చేస్తున్నదేమిటో నాకూ చెప్పు తల్లీ," అన్నాడాయన గుడ్డు పెంకు వలుస్తూ.

"పోర్ట్ ఫార్వర్డింగ్ మామయ్యా."

"మనుషుల భాషలో చెప్పు."

"బయటి ప్రపంచానికి మన ఇల్లంతా కలిపి ఒక్కటే అడ్రసు. లోపల మాత్రం ఫోన్లకీ, లాప్‌టాప్‌కీ, మీ గేజి పెట్టెకీ తలా ఒక నంబరు. బయటినుంచి ఎవరైనా వస్తే ఎవరికోసం వచ్చారో రూటర్‌కి తెలీదు. అందుకని ఎవర్నీ రానివ్వదు. ఇప్పుడు నేనేం చెబుతున్నానంటే, ఎనిమిదివేల ఎనభై అని అడుగుతూ వచ్చేవాళ్ళని నేరుగా రెండో నంబరు దగ్గరికి పంపించు, అని."

"రెండో నంబరు ఎవరు?"

"ఏటి గేజి. ఇంకెవరు? అక్కడ సైట్లో మీ అబ్బాయి కంప్యూటర్ తెరిస్తే ఇక్కడి నీటిమట్టం కనబడుతుంది. మీరు రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి అంకెలు అప్పజెప్పక్కర్లేదు."

"అంటే నా ఉద్యోగం ఊడగొడుతున్నావన్నమాట."

"రిటైరైనవాళ్ళకి ఉద్యోగం ఎలా ఊడుతుంది మామయ్యా?"

ఆయన నవ్వి, కంచాలు సర్దాడు. "ఆరిపోతున్నాయి, రా."

"ఒక్క చిన్న పని మిగిలింది."

"పనెక్కడికీ పోదు. గుడ్డు వేడి మాత్రం ఆగదు."

ఆమె లాప్‌టాప్ మూసేసింది. "సరే, తర్వాత చేస్తా. కొంపేం మునగదులే."

ఆ చిన్న పని ఏమిటో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇద్దరూ ఉప్పూ మిరియాల పొడీ చల్లుకుని కడుపునిండా తిన్నారు. ఆ తర్వాత ఇరవై రెండు రోజులు అంతా సవ్యంగానే నడిచింది.

క్రితం వారం సంచికలో మనం ఈ ఇంటిని వదిలి వచ్చేసరికి సాయంత్రం ఆరూ పది. పెద్దాయన నాలుగు రోజులుగా మోకాలు వాచి వెనకగదిలో మంచం మీదున్నాడు. స్కూటర్‌ని గోడకి ఆనించేసి, చెప్పులైనా విప్పకుండా వచ్చిన కోడలు ఆ గది గుమ్మంలో నిలబడింది. ముప్ఫై కిలోమీటర్ల దిగువన ఏటి నడుమ గుండ్రంగా మట్టికట్ట పోయించి, దాని లోపల గొయ్యి తవ్వించి, వంతెన స్తంభానికి పునాది వేయిస్తున్నాడు ఈయన కొడుకు, ఆమె భర్త. ఎగువన ఏరు ఎంత ఉందో ఇక్కడి అంకె చూసుకున్నాకే అతను ఆ గోతిలోకి దిగుతాడు. ఇక్కడి నీళ్ళు అక్కడికి చేరడానికి అయిదు గంటలు పడుతుంది. అయిదు గంటల ముందే తెలియడం చిన్న విషయం కాదు. అతని ప్రాణం ఆ అంకె మీదే ఆధారపడి ఉంది.

"మామయ్యా, ఇవాళ మట్టం ఎంత?"

"పొద్దున రెండు పాయింట్ పద్నాలుగు. మధ్యాహ్నం రెండింటికి పదకొండు. తగ్గుతోంది."

"మెట్లు దిగి చూశారా?"

పెద్దాయన కాళ్ళ మీది దుప్పటి సర్దుకున్నాడు. అది సర్దే ఉంది.

"ఎందుకలా అడుగుతున్నావు?"

"సైటు గుమాస్తా ఫోన్ చేశాడు. 'మేడమ్, మీ ఏరు నిద్రపోతోందా? మూడు రోజులు ఒకే అంకె మీదుంది, ఇవాళ ఒళ్ళు విరుచుకుని మూడు సెంటీమీటర్లు దిగింది' అని హాస్యమాడాడు. నేనూ నవ్వాను. వచ్చేదారిలో కాలవ వంతెన మీద నవ్వు ఆగిపోయింది."

"ఏం?"

"కాలవలో నీళ్ళు వెనక్కి నడుస్తున్నాయి మామయ్యా."

పెద్దాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళు నీటిపారుదల శాఖలో గేజి రీడరుగా చేసిన మనిషికి అంతకు మించి వివరం అక్కర్లేదు. ఆ కాలవ ఏట్లో కలుస్తుంది. కలవాల్సిన నీళ్ళు వెనక్కి మళ్ళాయంటే ఏరు కాలవకన్నా ఎత్తు పెరిగి దాన్ని నెడుతోందని అర్థం. తన సర్వీసులో నాలుగుసార్లు చూశాడు. నాలుగుసార్లూ ఆ తర్వాత జరిగినవి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు, భార్యకు తప్ప.

"ఎండుటాకులు వెనక్కి కొట్టుకొస్తున్నాయి," అంది కోడలు. "చెప్పండి, మెట్లు దిగి చూశారా?"

కిటికీ పక్క మేకుకి ఆయన పుస్తకం వేలాడుతోంది. రూళ్ళ పుస్తకం, నీలం అట్ట. తేదీ, వేళ, మట్టం, పక్కన పొట్టి సంతకం. ఉద్యోగం అయిపోయినా ఆయన మానలేదు. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు: ఇరవై రెండు రాతిమెట్లు దిగి, నీళ్ళలో నిలబడ్డ గుర్తుల స్తంభాన్ని కళ్ళతో చూసి, మెట్టు మీదే కూర్చుని రాసేవాడు. పై అధికారులు ఒకసారి, 'ఇంత వానలో ఎందుకయ్యా, నిన్నటిదే వేసెయ్యి' అంటే, వాళ్ళ ముందే గొడుగు తీసుకుని మెట్లు దిగిన మనిషి.

కోడలు ఆ పుస్తకం తీసి చివరి పుట తిప్పింది. 2.14, 2.14, 2.14. పదిసార్లు అదే అంకె. పదకొండోది 2.11. పక్కన పదకొండు సంతకాలు.

"వానాకాలంలో ఏరు మూడు రోజులు ఒక్క సెంటీమీటరైనా కదలకుండా ఉంటుందా మామయ్యా? మీరే చెప్పండి. నాకు నేర్పింది మీరే కదా."

ఆయన తల వంచుకున్నాడు.

"మోకాలు..." అన్నాడు. "ఆ ఉరుముల రోజు నాలుగో మెట్టు మీద జారాను. మర్నాడు కాలు కింద పెట్టలేకపోయాను. చేతిలో నువ్విచ్చిన ఆ టాబ్లెట్ పలక ఉంది కదా, దాని మీద అంకె కనబడుతోంది కదా, యంత్రం నాకన్నా బాగా చూస్తుంది కదా అనుకున్నాను. ఒక్క పూటే కదా అనుకున్నాను. తర్వాత రెండో పూట. ఇవాళ మధ్యాహ్నం నుంచి చెవిలో మోత మారింది అమ్మాయ్. పల్చగా పారే నీళ్ళ మోత వేరు, బరువు మోసే నీళ్ళ మోత వేరు. విన్నాను. విని, పలక వంక చూశాను. అది తగ్గుతోందంది. చెవి ముసలిదైపోయిందనుకున్నాను."

"నాకొక్క మాట చెబితే నేను దిగి చూసేదాన్ని కదా!"

"మొహం చెల్లలేదు. మెట్లు దిగలేను అని చెప్పడానికి..."

ఆమె ఏదో అనబోయింది. అనలేదు. ఆ ఆగడంలో ఎంత దయ ఉందో ఆయనకు తర్వాత, ఒంటరిగా కూర్చున్నప్పుడు తెలిసింది.

"సరే. మీరు చూడలేదు. కానీ గేజి చూసింది కదా! ఏరు పెరుగుతుంటే గేజి ఎందుకు తగ్గుతోందంది?"

కోడలు గదంతా కలియజూసింది. ఆమె చూపు మూల దగ్గర ఆగింది. అక్కడ సన్నటి పొడవాటి పీపా ఒకటి, నిండా నీళ్ళతో. దాన్లోకి ఒక నల్లటి తీగ వేలాడుతోంది. తీగ ఈ చివర చిన్న పెట్టె, దాని ప్లగ్గు మంచం తలవైపు గోడకి. కొడుకు గేజిలు రెండు కొన్నాడు, ఒకటి తల్లి ఉండగానే, రెండోది ఈమధ్యే. మొదటిది ఏట్లో ఉంది. రెండోదాన్ని బిగించే ముందు కొన్నాళ్ళు పరీక్షించాలని పెద్దాయనే పీపాలో వేలాడదీశాడు. ఆ రోజు ఏరు ఎంత ఉందో అంతే చూపేలా దాన్ని సరిచేశాడు. కదలని నీళ్ళలో పెట్టినప్పుడు ఎన్నాళ్ళైనా అదే అంకె చూపిస్తే యంత్రం నమ్మకమైనదన్నట్టు.

"దీన్ని ఎంతకి సరిచేశారు మామయ్యా?"

"రెండు పాయింట్..." ఆయన మాట సగంలో ఆగింది.

"మధ్యాహ్నం ఈ పీపాలో నీళ్ళు వాడారా?"

"రెండు చెంబులు. మోకాలికి తడిగుడ్డ వేసుకోవడానికి. వంటింటిదాకా నడవలేక."

కోడలు చెంబు తీసుకుంది. పలకని ఆయన ఒళ్ళో పెట్టి, "చూస్తూ ఉండండి," అంది. పీపాలో ముంచి తీసింది. 2.11 ఉన్నది 2.10 అయింది. నీళ్ళు నిలకడగా నిలిచాక 2.09. రెండో చెంబు తీసింది. 2.08.

చెంబులో నీళ్ళు తిరిగి పోసింది. ఇంకో చెంబు కూడా. 2.11.

పీపాలో నీళ్ళు అంచుకు తగిలి, తగిలి, ఆగాయి. నాలుగు రోజులుగా ఇంట్లోనూ సైట్లోనూ అందరూ ఏరు అనుకుని చూస్తున్నది ఆ పీపానే. ఒక ముసలాయన వాచిన మోకాలికి గుడ్డ తడుపుకుంటే, ముప్ఫై కిలోమీటర్ల దిగువన ఒక ఏరు తగ్గుముఖం పట్టింది.

"ఉరుముల రోజు ప్లగ్గులు పీకారా?" అంది కోడలు.

అడగక్కర్లేదు. ఆ ఇంట్లో ఉరుము వినబడితే ప్లగ్గులన్నీ పీకడం అత్తగారి కాలం నుంచి ఉన్నదే. ఒకసారి పిడుగుకి రేడియో కాలిపోయిన దగ్గర్నుంచి ఆవిడ ఆ పద్ధతి పెట్టింది. మళ్ళీ పెట్టేటప్పుడు వరస తప్పకూడదని ప్రతి ప్లగ్గు మీదా గోళ్ళ రంగుతో ఎర్రటి చుక్కలు వేసింది. ఒక చుక్కది రూటర్. రెండు చుక్కలది గేజి. మూడు ఫ్రిజ్, నాలుగు టీవీ. ఆవిడ పోయాక ఆ వరస ఆయనకు పూజలాంటిదైంది. ఒక్కోటీ పెట్టేటప్పుడు చుక్కల్ని బొటనవేలితో ఒకసారి తడిమేవాడు.

"పీకాను. అరగంటకి మళ్ళీ పెట్టాను."

"వరసలోనేనా?"

"వరసలోనే. ఒకటి, రెండు, మూడు..." ఆయన ఆగి, మంచం తలవైపు గోడ వంక చూశాడు. అక్కడున్న తెల్లటి ప్లగ్గు మీద ఏ రంగూ లేదు. ఆవిడ పోయాక వచ్చిన వస్తువు. దానికి చుక్క పెట్టేవాళ్ళెవరు? "దీనికి చుక్క లేదు అమ్మాయ్. కుంటుకుంటూ మంచం దగ్గరికొచ్చి కూలబడ్డాను. చేతికి అందింది కదా అని ముందు దీన్ని పెట్టేసి, తర్వాత లేచి ముందుగదికి వెళ్ళాను."

కోడలు మంచం పట్టె మీద కూర్చుండిపోయింది.

"మన పాత రూటర్‌కి కరెంటు పోతే ఎవరికి ఏ నంబరిచ్చిందో గుర్తుండదు మామయ్యా. మళ్ళీ వెలిగాక, ఎవరు ముందు అడిగితే వాళ్ళకి ముందు నంబరు ఇస్తుంది. ప్రతిసారీ అత్తయ్య వరసలో పెట్టబట్టి ఏటి గేజికి ఎప్పుడూ రెండో నంబరే వచ్చేది. ఆ రోజు ఈ పీపాది ముందే మేలుకుని కూర్చుంది. అది తీసేసుకుంది. నేను రెండో నంబరుకి పంపమన్నాను, రూటర్ రెండో నంబరుకే పంపుతోంది. దాని తప్పేం లేదు."

"అయితే తప్పు నాది."

"కాదు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకునే తీరిక లేదు. "ఊళ్ళో ఎవరింట్లో ఈ పని చేసినా ముందు ఆ యంత్రానికి ఆ నంబరు మారకుండా కట్టిపెడతాను. అది చేశాకే లేస్తాను. నా కింద పనిచేసేవాళ్ళు మరిచిపోతే తిడతాను. కంపెనీవాడితో పోట్లాడి మన బయటి అడ్రసు మారకుండా పెట్టించాను. లోపలిది ఒక్కటే మిగిలింది. ఆ ఆదివారం."

"గుడ్లు..." అన్నాడాయన.

"అవును. గుడ్లు ఆరిపోతున్నాయన్నారు."

తప్పు తమలో ఎవరిదో తేలకపోవడం కూడా ఒక్కోసారి మేలే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోగలిగారు.

ఆ తర్వాత ఆమె చేతులు ఆగలేదు. లాప్‌టాప్ తెరిచింది. రూటర్ పేజీలో ఇంట్లో వెలిగి ఉన్న యంత్రాల జాబితా వచ్చింది. రెండు గేజిలకీ ఒకటే పేరు, కంపెనీ పెట్టిన పేరు. పెట్టెల కింద అతికించిన పొడుగాటి అంకెలు పోల్చి చూసుకుంది. ఏటి గేజి అయిదో నంబరు మీద ఉంది. దాన్ని ఆ నంబరుకి కట్టింది. ఎనిమిదివేల ఎనభైని రెండు మీంచి తీసి అయిదు మీద పెట్టింది. అంతా కలిపి రెండు నిమిషాలు. ఆ ఆదివారం మిగిలిపోయిన పని కూడా అంతే.

పేజీ తెరుచుకుంది.

4.66.

అంకె కింద గీత, నిన్నటినుంచి ఇప్పటిదాకా. ఏటి గేజి ఎవరూ అడగకపోయినా తన పని తను చేసుకుంటూనే ఉంది. నిన్న రాత్రిదాకా గీత బల్లపరుపుగా ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి తల ఎత్తింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి నాలుగు మీటర్లు దాటింది.

సైట్లో మట్టికట్ట ఎత్తు ఇంచుమించు ఇక్కడి నాలుగు మీటర్లకి సరిపోతుంది. ఆ లెక్క కట్టినవాడు పెద్దాయనే.

"ఒకటిన్నర," అన్నాడు. "అయిదు గంటలు కలుపు."

కలపక్కర్లేదు. గోడ గడియారంలో ఆరూ ఇరవై అయిదు.

కోడలు భర్తకి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేసింది. సైటు ఆఫీసుకి చేసింది, ఎవరూ ఎత్తలేదు. గుమాస్తాకి చేస్తే రెండో మోతకే ఎత్తాడు. వెనక బస్సు హారన్లు.

"మేడమ్! మళ్ళీ ఏరు కదిలిందా ఏంటి?"

"ఆయనెక్కడున్నారు?"

"సారా? ఆరింటికి మీ అంకె రాసుకుని చాలా సంతోషించారు మేడమ్. పదకొండు, తగ్గుతోంది, ఇవాళ భయం లేదన్నారు. పంపు ఆపరేటర్‌కి రెండు రాత్రులుగా నిద్రలేదని ఇంటికి పంపించేసి, తనే పంపుల దగ్గర కింద షెడ్డులో పడుకుంటానన్నారు. కూలీలంతా పైన క్యాంపులోనే ఉన్నారు. నేను బస్సెక్కేశాను. ఏం మేడమ్? మేడమ్?"

కూలీలు పైనున్నారు. ఆ భయంలోనూ పెద్దాయన ఆ ఒక్క మాటనీ గట్టిగా పట్టుకున్నాడు. నలభై మంది పైనున్నారు. కిందున్నది ఒక్కడే.

కోడలు అప్పటికే స్కూటర్ తాళం తీసుకుంది.

"నలభై నిమిషాలు పడుతుంది తల్లీ."

"తెలుసు. మీరు ఫోన్ ఆపకండి. ఎవరో ఒకరు ఎత్తేదాకా చెయ్యండి." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి వచ్చింది. ఆయన చేతికర్ర మంచానికి అందేలా ఆనించింది. టార్చి తెచ్చి పక్కన పెట్టింది. "కొత్త సెల్లు వేశాను. మెట్లు మాత్రం దిగొద్దు. ఒట్టు."

"ఒట్టు," అన్నాడు.

స్కూటర్ చప్పుడు సందు మలుపు దాకా వినబడి, ఏటి మోతలో కలిసిపోయింది.

ఆయన మెట్లు దిగలేదు. పెరటి తలుపు దాకా కర్ర పట్టుకుని వెళ్ళి, గడపలో నిలబడి టార్చి వేశాడు. ఇరవై రెండు మెట్లలో పైన తొమ్మిది కనబడ్డాయి. పదో మెట్టు చోట గోధుమరంగు నీళ్ళు, చప్పుడు లేకుండా, ఎవరో కింద మోస్తున్నట్టు బరువుగా కదిలిపోతున్నాయి. వాటి మీద ఒక చెట్టుకొమ్మ, ఆకులింకా పచ్చగా, అలా వచ్చి అలా వెళ్ళిపోయింది. అవతల గుర్తుల స్తంభం కొస మాత్రమే పైకుంది. ఆయన కళ్ళు చిట్లించి అంకె చదివాడు. నాలుగూ డెబ్భై.

తిరిగి వచ్చి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే పుస్తకం ఒళ్ళోకి తీసుకున్నాడు. అవతల మోగుతోంది. ఆయన కలం తీసి పదకొండు అంకెల మీదా ఒక్కొక్క గీత గీశాడు. అంకె కింద కనబడేలాగే గీశాడు, తప్పు చెరిపేయడం శాఖలో నేరం. ప్రతిదాని పక్కనా రాశాడు: చూడలేదు. చూడలేదు. చూడలేదు. పదకొండుసార్లు. చివరన కొత్త వరస: సాయంత్రం 6.40, 4.70, కళ్ళతో చూసినది. సంతకం పెట్టాడు. అది పాత సంతకంలాగే వచ్చింది.

ఫోన్ మోగి ఆగిపోయింది. మళ్ళీ కలిపాడు. ఆగిపోయింది. మళ్ళీ కలిపాడు.

ఏడింటికి అయిదు నిమిషాలుండగా అవతల ఎవరో ఎత్తారు.

"హలో... ఎవరండీ?" బెదురు గొంతు. "ఇది సారు ఫోనండీ. చార్జింగుకి పెట్టి కిందికెళ్ళారు. ఇందాకట్నుంచీ మోగుతూనే ఉంది గానీ, సారు ఫోను ముట్టుకుంటే ఏమంటారో అని..."

"నువ్వెవరు బాబూ?"

"కాపలావాణ్ణండీ. పైన గేటు దగ్గర."

"నేను సారు నాన్నని. నీ దగ్గర టార్చి ఉందా?"

"ఉందండీ. నమస్కారమండీ."

"ఏటి వైపు వెళ్ళి టార్చి వేసి, ఏం కనబడుతోందో చెప్పు. ఫోన్ పెట్టెయ్యకు."

తడి కంకర మీద అడుగుల చప్పుడు. అవతల పంపులు నీళ్ళు తోడుతున్న మోత దగ్గరవుతూ వచ్చింది. అడుగులు ఆగాయి.

"అయ్యా..."

"చెప్పు."

"ఒడ్డు నుంచి కట్ట మీదికి బల్లల దారి ఉండాలండీ. లేదండీ. నీళ్ళే ఉన్నాయి."

"కట్ట ఉందా?"

"ఉందండీ. కట్ట అంచుకి ఇంకో జానెడు. లోపల మటుకు పొడిగానే ఉంది. సారుకి తెలీదండీ, లోపలినుంచి చూస్తే కట్టే అడ్డం కదండీ."

"సారు కనబడుతున్నాడా?"

"షెడ్డులో లైటు వెలుగుతోంది. ఆఁ... బయటికొచ్చారండీ. మొహం కడుక్కుంటున్నారు."

"పిలువు! గట్టిగా పిలువు!"

కాపలావాడు అరిచాడు. మళ్ళీ అరిచాడు. ఆ అరుపు పెద్దాయన చెవిలో గింగురుమంది గానీ, దాని వెనక పంపులు ఏ తేడా లేకుండా మోగుతూనే ఉన్నాయి.

"వినబడటం లేదండీ. పంపుల మోత."

"అయితే టార్చి ఊపు. అతని కంట పడేదాకా ఊపు!"

"ఊపుతున్నానండీ... ఊపుతున్నాను... చూశారు! చూశారండీ! ఇటే చూస్తున్నారు!"

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి వదిలాడు.

"చెయ్యి ఊపుతున్నారండీ," అన్నాడు కాపలావాడు. అతని గొంతులో సంతోషం ఎలా వచ్చిందో అలాగే పోయింది.

"ఏమైంది? బయటికి వస్తున్నాడా?"

"అయ్యా... రోజూ సారు పడుకునే ముందు నేను టార్చి ఊపుతానండీ. అంతా క్షేమం, పడుకోండి, అని. సారు చెయ్యి ఊపి లోపలికెళ్తారు. అలా అనుకుని పెట్టుకున్నామండీ."

పెద్దాయన చేతిలో కలం దుప్పటి మీదికి జారింది.

"లోపలికెళ్తున్నారండీ. సారూ! ఓ సారూ!... తలుపు వేసుకుంటున్నారండీ."

కొడుకు చిన్నతనంలో వాడి తల్లిది కోడినిద్ర. చిన్నప్పట్నుంచీ వాడు గడియని వేలితో ఆపిపట్టి, చప్పుడు కాకుండా, మెల్లగా తలుపు వేసేవాడు. ఆవిడ పోయినా ఆ అలవాటు మానలేదు. పంపుల మోతలో పెద్దాయనకు ఏమీ వినబడలేదు. అయినా ఆ తలుపు ఎలా మూసుకుందో ఆయనకు తెలుసు.